తన్ను తానెరుగుట – ఆంధ్రకేసరి జీవితం నేర్పే పాఠం

ఇతరుల దోషాలను గుర్తించడం సులభం. తన దోషాన్ని తాను గుర్తించడం కష్టం. గుర్తించిన దోషాన్ని నలుగురి ఎదుట ఒప్పుకొనడం అంతకంటె కష్టం. ఒప్పుకొన్న దానిని జయించడం అన్నిటికంటె దుష్కరం. ఈ మూడు మెట్లలో ఎన్ని ఎక్కగలిగాడన్నదానిని బట్టియే ఒక నాయకుని ఔన్నత్యాన్ని అంచనా వేయవలసి ఉంటుంది. ఉర్దూలో దీనిని ఖుద్‌షనాసీ అంటారు. తెలుగులో ఆత్మజ్ఞానం అంటే వేదాంతపు వాసన తగులుతుంది గనుక, మేము ఇక్కడ ఆత్మపరిశీలన అనే సామాన్యమైన మాటనే వాడుతున్నాము.

నేడు మనం చదువుకొంటున్న ఈ కొత్తగూడ ప్రాంతం ఒక తరం క్రితం వరకు బండరాళ్లు, సీతాఫలపు పొదలు నిండిన పల్లె. 1998లో సమీపాన సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత దీని స్వరూపమే మారిపోయింది. ఆకాశాన్నంటే అద్దాల మేడలలో వేలాది యువకులు పనిచేస్తున్నారు. వారిలో ఇరవై అయిదేండ్లు నిండగానే పదిమందికి పెద్దలై, వారి పనికి బాధ్యత వహించేవారు ఎందరో. మన కళాశాల నుండి వెళ్లే విద్యార్థులలోను కొందరికి ఆ అవకాశం రాకపోదు. యంత్రాలను నడిపే విద్యను నేర్పే గ్రంథాలు కోకొల్లలు. తన్ను తాను నడుపుకొనే విద్యను నేర్పేవి మాత్రం మహనీయుల జీవితాలే. అట్టి జీవితాలలో ఒకదానిని ఈ సంచిక పాఠకుల ముందుంచడం మా ఉద్దేశం. ఆయనే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు.

ప్రకాశం గారిని ధైర్యానికి ప్రతీకగా అందరూ స్మరిస్తారు. విగ్రహాలలో ఆయన ఛాతీ విరుచుకొని నిలిచి ఉంటారు. కాని ఆ ఛాతీ వెనుక ఉన్న మానవుడు తన బలాన్ని ఎంత ఎరుగునో తన బలహీనతలను కూడా అంత ఎరుగునని చాలామందికి తెలియదు. అందుకు సాక్ష్యం ఆయన తన వార్ధక్యంలో వ్రాసుకొన్న ‘నా జీవిత యాత్ర’. మొదటి మూడు భాగాలు ఆయనే వ్రాయగా, నాలుగవ భాగాన్ని ఆయన సహచరులు తెన్నేటి విశ్వనాథం గారు పూర్తి చేశారు. పెద్దలు తమ జీవితాలను వ్రాసుకొనేటప్పుడు గెలుపులను విస్తరించి, తప్పులను దాటవేయడం పరిపాటి. ప్రకాశం గారు తమ యౌవనపు చెడు సహవాసాలను కూడా దాచలేదు.

1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో ఆయన జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు. తల్లి సుబ్బమ్మ గారు. బాలునికి పదకొండేండ్లు వచ్చేసరికి తండ్రి కాలధర్మం చెందారు. కుటుంబభారం తల్లిపై పడింది. ఆమె ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించింది. ఆ రోజులలో ఆ వృత్తిని సంఘం చిన్నచూపు చూసేది. అన్నం అమ్ముకొని బ్రతకడం గౌరవభంగమని భావించే సంఘంలో, బిడ్డల చదువు కొరకు ఆ తల్లి అవమానాన్ని దిగమ్రింగింది. పొట్టకు కరువెరిగిన ఆ ఇంటిలో పెరిగిన బాలుడు తరువాతి కాలంలో లక్షలు ఆర్జించి, లక్షలు త్యజించిన వ్యక్తి కావడం గమనింపదగినది.

ఆయన జీవితంలో మొదటి మలుపు ఒక గురువు వలన వచ్చింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఈ బాలునిలోని చురుకుదనాన్ని గుర్తించి చేరదీశారు. తాము రాజమహేంద్రవరానికి మారినప్పుడు, అక్కడ చదువుకు మంచి వసతులు ఉన్నవని అతనిని కూడా వెంట తీసికొని వెళ్లారు. కాని గోదావరి తీరంలో చదువు ఒక్కటే ఎదురు చూడడం లేదు. నాటకాల వ్యామోహం పట్టుకొన్నది. బాలుడు స్త్రీ పాత్రలు ధరించి మెప్పు పొందాడు. మెప్పు వెంట అల్లరి మూకల స్నేహం వచ్చింది. ఫలితంగా మెట్రిక్యులేషన్ పరీక్షలో తప్పాడు.

పరీక్ష తప్పిన విద్యార్థులు మనలోను ఉన్నారు. తప్పినవాడు సామాన్యంగా ప్రశ్నపత్రాన్నో, పరీక్షాధికారినో, గ్రహచారాన్నో నిందిస్తాడు. ప్రకాశం గారి విషయంలో జరిగింది వేరు. దోషం తన సహవాసంలోను, తన మెప్పు కోరికలోను ఉన్నదని గ్రహించారు. బాల్యం నుండి న్యాయవాది కావాలన్న కోరిక ఉండనే ఉన్నది. ఆ కోరికను అడ్డుకొంటున్నది పేదరికం కంటె తన స్వభావమేనని తెలిసిన తరువాత దానిని దిద్దుకొన్నారు. మద్రాసు వెళ్లి న్యాయశాస్త్రం చదివి, రెండవ తరగతి ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై, రాజమహేంద్రవరానికే తిరిగి వచ్చారు. ఏ ఊరిలో అల్లరివాడని పేరు వచ్చిందో ఆ ఊరిలోనే గొప్ప ప్లీడరుగా పేరు తెచ్చుకొన్నారు. ముప్పది యొకటవ ఏట అక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు.

ఇక్కడ ఆయన ఆగిపోయి ఉంటే రాజమహేంద్రవరపు సంపన్న న్యాయవాదులలో ఒకరిగా మిగిలి ఉండేవారు. చేతినిండా వ్యాజ్యాలు, ఊరిలో పలుకుబడి, పురపాలక అధ్యక్ష పదవి. ఈ స్థితిలో ఉన్నవానికి తన కొరత కనబడదు. చుట్టూ ఉన్నవారు కనబడనివ్వరు కూడా. అయినా రెండవ తరగతి ప్లీడరుకు ఉన్నత న్యాయస్థానాలలో వాదించే అర్హత లేదన్న సంగతి ఆయనను బాధించింది. ఆయన ప్రతిభను గమనించిన ఒక బారిస్టరు ఇంగ్లండుకు వెళ్లి చదువుకొమ్మని సలహా చెప్పగా, ఆ మాటను తేలికగా తీసికొనలేదు. పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత, సంసార భారం ఉండగా, 1904లో సముద్రం దాటి మళ్లీ విద్యార్థి అయ్యారు. తనకు తెలియనిది ఇంత ఉన్నదని అంగీకరించి, ముప్పది దాటిన తరువాత పాఠశాల బల్లపై కూర్చొనడం సామాన్యమైన వినయం కాదు. లండనులో ఉన్నప్పుడే దాదాభాయి నౌరోజీ గారి ఎన్నిక కొరకు పనిచేశారు. బారిస్టరు పరీక్షలో యోగ్యతతో ఉత్తీర్ణులై 1907లో స్వదేశానికి తిరిగి వచ్చారు.

మద్రాసు హైకోర్టులో అప్పటికి పేరుపొందిన న్యాయవాదులు చాలవరకు ఐరోపావారు, తమిళులు. తెలుగువాడు అక్కడ నిలదొక్కుకొనడం కష్టమని భావించే కాలం. ప్రకాశం గారు అనతికాలంలో అగ్రశ్రేణిని చేరుకొన్నారు. వచ్చిన ఏడే బిపిన్ చంద్ర పాల్ మద్రాసులో ఉపన్యసించినప్పుడు, ప్రభుత్వ భయం చేత పలువురు వెనుకాడగా, ఆ సభకు ఆయన అధ్యక్షత వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగినప్పుడు నిందితులలో ఒకరి పక్షాన వాదించారు. ‘లా టైమ్స్’ అనే న్యాయశాస్త్ర పత్రికను నడిపారు. మేడలు, తోటలు, బండ్లు సమకూరాయి. పూటకూళ్ల ఇంటి బిడ్డడు మద్రాసు నగరపు సంపన్నులలో ఒకడైనాడు.

ఈ ఐశ్వర్యాన్నంతటినీ 1921లో ఆయన ఒక్కసారిగా వదలుకొన్నారు. గాంధీజీ పిలుపునందుకొని న్యాయవాద వృత్తికి స్వస్తి చెప్పారు. ఆ ఏడు అక్టోబరులో ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించారు. ఆంగ్లంలోను, తెలుగులోను, తమిళంలోను ఆ పత్రిక వెలువడింది. జాతీయ విద్యాలయం, ఖద్దరు ఉత్పత్తి కేంద్రం నడిపారు. అదే సంవత్సరం అహమ్మదాబాదు కాంగ్రెసులో ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు. మలబారులో మాప్పిళ్ల తిరుగుబాటు జరిగినప్పుడు, బయటివారు రాకూడదన్న నిషేధాన్ని లెక్కచేయక అక్కడ పర్యటించారు. దానికి ప్రతిఫలంగా ఉదకమండలంలోని ఆయన ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసింది. ముల్తానులో హిందూ ముస్లింల మధ్య కలహాలు చెలరేగినప్పుడు అక్కడికి కూడా వెళ్లారు. ఆర్తులున్నచోటికి ముందుగా చేరడం ఆయన స్వభావం.

1928 ఫిబ్రవరి 3వ తేదీని ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. పోలీసు కాల్పులలో ఒకరు మరణించారు. ఆ మృతదేహాన్ని చూడబోయిన ప్రకాశం గారిని పోలీసులు తుపాకులు గురిపెట్టి నిలువరించారు. ఏబదియైదేండ్ల ఆ వృద్ధప్రాయుడు చొక్కా తొలగించి ఛాతీ చూపి కాల్చమన్నారు. తుపాకులు దిగిపోయాయి. దారి తొలగింది. నాటి నుండి ఆయన ఆంధ్రకేసరి.

ఇంతవరకు చెప్పినది అందరికీ తెలిసిన చరిత్ర. ఇక్కడ మేము ఒక ప్రశ్న వేయదలచుకొన్నాము. తుపాకికి వెరవని ఈ సింహానికి దుర్బలత లేదా? ఉన్నది. అది డబ్బు విషయంలోనిది. లోభం కాదు, దానికి నేర్ విరుద్ధమైనది. చేతికి వచ్చినదానిని లెక్కపెట్టుకొనకపోవడం, ఇచ్చినదానిని గుర్తుంచుకొనకపోవడం, నమ్మినవానిని పరీక్షింపకపోవడం ఆయన పద్ధతి. ఔదార్యం అనే అందమైన వస్త్రం కప్పుకొని ఈ లోపం దాగి ఉన్నది. అందువల్లనే దానిని గుర్తించడం కష్టమైంది. పిసినారితనాన్ని లోకం వెంటనే పట్టుకొంటుంది. దానశీలంలోని అజాగ్రత్తను లోకం పొగడుతుంది. పొగడ్త చాటున పెరిగే దోషమే నిజమైన గుప్తదోషం.

‘స్వరాజ్య’ పత్రిక చరిత్ర దీనికి నిదర్శనం. ఆ పత్రిక దేశసేవలో ఎవరికీ తీసిపోలేదు. కాని పత్రిక అంటే కాగితం, సిరా, అచ్చు యంత్రాలు, జీతాలు. ఇవి త్యాగం చేత నడవవు. జమాఖర్చుల చేత నడుస్తాయి. ప్రకాశం గారు తమ సొంత ఆస్తిని అందులో పోశారు. అయినా ఆర్థిక ఇబ్బందుల నుండి అది తేరుకొనలేక, 1930ల మధ్యలో మూతపడింది. హైకోర్టులో లక్షలార్జించిన బారిస్టరు తన వార్ధక్యంలో చేతిలో కాసు లేని స్థితికి చేరుకొన్నారు.

ఆ లేమి నుండియే ఇంకొక చిక్కు పుట్టింది. అభిమానులు ఆయనకు సన్మాన నిధులు సమర్పించేవారు. ప్రజలిచ్చిన అట్టి సొమ్మును సొంత ఖర్చులకు వాడుకొన్నారన్న విషయంపై గాంధీజీ తీవ్రమైన అభ్యంతరం తెలిపారు; ప్రజాజీవితం నుండి తప్పుకొనవలసినదని కూడా సూచించారు. సర్వస్వం దేశానికిచ్చినవాడు దేశం ఇచ్చిన కొద్దిపాటి సొమ్మును తినకూడదా అని ప్రకాశం గారి అభిమానులు వాదించారు. ప్రజల సొమ్ముకు లెక్క ఉండి తీరవలెనన్నది గాంధీజీ నియమం. ఈ వివాదంలో ఎవరిది న్యాయమని తీర్పు చెప్పడానికి మేము చాలము. ఒక్కటి మాత్రం చెప్పగలం. ఆయన నిజాయితీని శంకించినవారు అరుదు. ఆయన లెక్కలను సమర్థించినవారు ఇంకా అరుదు. నిజాయితీ వేరు, లెక్క వేరు అన్న సంగతి ఈ ఉదంతం వలన స్పష్టమవుతున్నది.

రెండవ లోపం తొందరపాటు, ఒంటరి పోకడ. తనకు ధర్మమని తోచినదానిని వెంటనే చేయాలి. నలుగురిని కూడగట్టుకొనే ఓపిక లేదు. న్యాయస్థానంలో ఇది బలం. వీధిలో తుపాకి ఎదుట ఇది మహాబలం. మంత్రివర్గంలో మాత్రం ఇది బలహీనత. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉండి, జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, రైతు పక్షాన గొప్ప పని చేశారు. వ్యక్తి సత్యాగ్రహంలోను, 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోను పాల్గొని, 1945 వరకు కారాగారంలో ఉన్నారు. 1946 ఏప్రిల్ 30న మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. గ్రామాల అభివృద్ధి కొరకు ఫిర్కా పథకం ప్రారంభించారు. ఖద్దరును వృద్ధి చేయదలచి కొత్త బట్టల మిల్లులకు అడ్డు చెప్పారు. ఆశయం ఉదాత్తమైనదే. కాని మిల్లులవారినే గాక సొంత పక్షంలోని వర్గాలను కూడా ఒప్పించి వెంట నడుపుకొనలేకపోయారు. పదకొండు మాసాలలో, 1947 మార్చిలో, ఆ ప్రభుత్వం పడిపోయింది.

పదవి పోయినా ధైర్యం పోలేదు. 1948లో హైదరాబాదు సంస్థానం కల్లోలంగా ఉన్నప్పుడు, సెప్టెంబరు సైనిక చర్యకు ముందే, వద్దన్నా వినక ఇక్కడికి వచ్చారు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని ముఖాముఖి కలుసుకొని హెచ్చరించి వెళ్లారు. ఎదిరిపక్షం వానిని వెనుక నుండి దూషించడం కంటె, అతని ఇంటికి వెళ్లి ఎదుట చెప్పడం ఆయన రీతి. ఈ రీతిలో గౌరవం ఉన్నది.

1952 ఎన్నికలలో మద్రాసు హార్బరు స్థానంలో ఓడిపోయారు. అయినా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, మొదటి ముఖ్యమంత్రి పదవి ఎనుబదియొక్క ఏండ్ల ఈ వృద్ధ సింహానికే దక్కింది. పదమూడు మాసాల పాలనలో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. గుంటూరులో హైకోర్టు ఏర్పడింది. 1952లో తెగిపోయిన పాత కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి నిర్మాణం ప్రారంభమైంది. నేడు విజయవాడలో కృష్ణను నిలిపి లక్షలాది ఎకరాలకు నీరందిస్తున్న ఆ కట్టడం ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. 1954 నవంబరులో మద్యనిషేధంపై చెలరేగిన వివాదంలో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ఆయన ప్రభుత్వం పతనమైంది. ఒక్క మనిషిని కలుపుకొనగలిగి ఉంటే నిలిచి ఉండేది. ప్రాణాన్ని లెక్కచేయని ధీరునికి, పక్కవాని మనస్సును లెక్కచేయడం ఎంత అవసరమో ఆ ఒక్క ఓటు చెబుతున్నది.

1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బ తగిలి, హైదరాబాదులో చికిత్స పొందుతూ, మే 20న ఆయన తుదిశ్వాస విడిచారు. ఆయన పుట్టిన సీమకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఆస్తిగా మిగిల్చినది ఏమీ లేదు.

ఈ జీవితం నుండి మనం గ్రహింపవలసినదేమి? ప్రకాశం గారు యౌవనంలోని దుస్సహవాసాన్ని గుర్తించి జయించారు. విద్యలోని కొరతను గుర్తించి పూరించుకొన్నారు. ధనంపై మమకారాన్ని గుర్తించి త్యజించారు. ఈ మూడింటిలో విజయం సంపూర్ణం. లెక్కల విషయంలోను, పదిమందిని కలుపుకొనే విషయంలోను మాత్రం ఆ విజయం లభించలేదు. కారణమేమి? మా ఆలోచనలో కారణం ఇది. మొదటి లోపాలను ఎత్తిచూపడానికి ఎవరో ఒకరు ఉన్నారు: తప్పిన పరీక్ష ఒకటి, సలహా చెప్పిన బారిస్టరు ఒకడు, పిలుపునిచ్చిన గాంధీజీ ఒకరు. తరువాతి లోపాలు పొగడ్తల చాటున దాగినవి. సింహమని పేరు వచ్చిన తరువాత సింహానికి తప్పు చెప్పేవారు తగ్గిపోతారు. చెప్పినవారి మాట చెవికెక్కడం కూడా తగ్గుతుంది. అద్దం లేనిదే మన ముఖం మనకు కనబడదు. నాయకునికి అద్దం నిర్భయంగా మాట్లాడే మిత్రుడే.

మన కళాశాలకు కూతవేటు దూరంలో గచ్చిబౌలిలో 1998లో స్థాపించిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరు పెట్టారు. ప్రకాశం గారు మరణించిన తొమ్మిది మాసాలకు, 1958 ఫిబ్రవరి 22న కన్నుమూసిన ఆ మహనీయుడు కూడా తన గ్రంథంలో, 1946లో కాంగ్రెసు అధ్యక్ష పదవి విషయంలో తాను తీసికొన్న నిర్ణయం పెద్ద పొరపాటని ఒప్పుకొన్నారు. ఒకరు ఒంగోలు పూటకూళ్ల ఇంటిలో పెరిగినవారు. మరొకరు మక్కాలో జన్మించి, కలకత్తాలో పెరిగిన పండితుడు. ఇద్దరూ జీవిత చరమాంకంలో తమ తప్పులను తామే లోకానికి విన్నవించారు. తప్పు ఒప్పుకొంటే గౌరవం తగ్గుతుందనుకొనేవారు ఈ ఇరువురి గౌరవం ఎంత తగ్గిందో చూచుకొనవచ్చు.

మా సంగతి కూడా ఒక మాట చెప్పుకొనడం ధర్మం. ఒకప్పుడు ఒక ఉత్సవానికి మేము చందాలు వసూలు చేసి, పని చక్కగా జరిగిందన్న సంతోషంలో జమాఖర్చులు వ్రాయడం మరచిపోయాము. ఒక్క పైసా ఎవరూ తినలేదు. అయినా ఒక చిన్న విద్యార్థి వచ్చి లెక్క చూపమని అడిగినప్పుడు మాకు కోపం వచ్చింది. మమ్మల్నే అనుమానిస్తావా అన్నాము. ఆ కోపమే మా గుప్తదోషమని ఈ జీవితం చదివిన తరువాత తెలిసింది. ఆ విద్యార్థి మా శత్రువు కాడు, మా అద్దం. ఆలస్యంగానైనా కాగితం, కలం తీసికొని కూర్చొని లెక్క వ్రాశాము. మూడు రసీదులు దొరకలేదు. ఆ మొత్తాన్ని మా జేబుల నుండి వేసుకొన్నాము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఈ అద్దాల మేడలలో పదిమందికి పెద్దలవుతారు. మరికొందరు సొంత ఊళ్లలో, సంఘాలలో, సంసారాలలో పెద్దలవుతారు. పెద్దరికం వచ్చిన నాడు మీ చుట్టూ మెచ్చుకొనేవారు చేరుతారు. ఆనాడు లెక్క అడిగే ఒక్కనిని మాత్రం దూరం చేసుకొనకండి. ఆంధ్రకేసరి ధైర్యం అందరికీ అబ్బదు. ఆయన తన తప్పులను తానే చెప్పుకొన్న ధైర్యం మాత్రం ప్రయత్నిస్తే మనలో ఎవరికైనా అలవడుతుంది.